ఒకే గిన్నె, రెండు గుండిగలు

విస్సన్నపేట బస్టాండు పక్కన ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి పాస్టరు యోసేపు గారు ఒక మాట అన్నారు. తిరువూరు బస్టాండు ఎదురు బూత్‌లో నిలబడి కండక్టరు సుందరరాజు ఇంకో మాట విన్నాడు. ఆ బూత్‌కీ ఈ బూత్‌కీ మధ్య జారిపడ్డ మాట కాస్తా మర్నాటికల్లా రెండు పేటల మధ్య బూతుమాటల దాకా వెళ్ళింది.

సుందరరాజును తప్పుపట్టలేం. ఇరవై ఆరేళ్ళుగా ఆర్టీసీ బస్సులో నిలబడ్డ మనిషి. ఇంజను ఒక చెవిని తినేస్తే, సీటు కోసం కొట్టుకునే జనం రెండో చెవిని తినేశారు. చెవులు తరిగినకొద్దీ గొంతు పెరిగింది. ఆయన "రైట్" అంటే ముందున్న బస్సు కూడా కదిలేది. ఆ గురువారం మధ్యాహ్నం ఫోను చెవికి నొక్కిపట్టుకుని, "ఒకే వంటా అయ్యగారూ?" అని బజారు దద్దరిల్లేలా అడిగాడు. "అవునండీ, అంతకు మించితే జనం ఓర్చుకోలేరు" అని అవతలి నుంచి వినిపించి లైను తెగిపోయింది.

పాస్టరు గారు ఇంకా ఊరు చేరలేదు. శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటంలో సుందరరాజే లేచి ప్రకటన చేశాడు. ఆదివారం జరగబోయే గుడి రజతోత్సవంలో ప్రేమవిందుకు ఒకే వంట అని, ఇది పాస్టరు గారి ఆర్డరని, అంతకు మించితే జనం ఓర్చుకోలేరని ఆయనే సెలవిచ్చారని, ముక్క పోకుండా అప్పజెప్పాడు.

పడమటి గోడవైపు చాపమీద మాణిక్యమ్మ కూర్చుని ఉంది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె మొహం వంక చూశారు. ఆమె మాత్రం ఎదుటి గోడవైపు, అంటే తూర్పువైపు చూసింది. అక్కడ ఒక్క మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే ఆ గుడి సంగతి కాస్త తెలియాలి.

గుడి పేరు సమాధాన మందిరం. పేరు సమాధానమే గానీ లోపల పాతికేళ్ళుగా ఒక ప్రశ్న అలాగే ఉండిపోయింది. తూర్పు పేట మాలలు, పడమటి పేట మాదిగలు కలిసి మట్టి మోసి, రాళ్ళు మోసి, 1976లో కట్టుకున్న గుడి అది. ఊరు ఈ రెండు పేటలనీ సమానమైన దూరంలో పెట్టింది. ఆ దూరం చాలనట్టు ఇవి తమలో తాము ఇంకొంచెం కొలుచుకున్నాయి. ఆరాధనలో కలిసే పాడేవారు, కలిసే ఏడ్చేవారు. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె అందరి పెదాలకూ తగిలేది. కానీ విందు రోజున, గుడి వెనక పెరట్లో, రెండు గాడిపొయ్యిలు తవ్వేవారు. రెండు గుండిగలు ఎక్కేవి. ఒకదానికి 'తూ' అని, ఇంకోదానికి 'ప' అని ఎర్ర పెయింటుతో రాసి ఉండేది. లోపల ఒకే గిన్నె, బయట రెండు గుండిగలు. ఎందుకని అడిగితే, జనం ఎక్కువ కదండీ, వసతి కోసం, అనేవారు. నిజమే, వసతి కోసమే. మనసులు ఎవరి పేటలో అవి వసతిగా ఉండటం కోసం.

తర్వాత తర్వాత ఇంకొందరు చేరారు. తండా నుంచి ఒక లంబాడీ కుటుంబం వచ్చింది. వాళ్ళకు ఏ బంతిలో కూర్చోవాలో ఎవరూ చెప్పకపోవడంతో రెండు పొయ్యిలకూ మధ్యన నిలబడి తినేవారు. వినగడప నుంచి హనుమాయమ్మ గారు వచ్చింది. భూములున్న రైతు కుటుంబం ఆవిడది. జబ్బుచేసి లేచాక బాప్తిస్మం తీసుకుంది. పాపం ఆవిడ పాత పేరు మార్చుకోలేదు, పాత క్యారియరూ మార్చుకోలేదు. విందుకు ఇంటినుంచి నాలుగు గిన్నెల క్యారియరు తెచ్చుకుని, డాక్టరు బయట తిండి వద్దన్నాడని చెప్పి, మామిడిచెట్టు కింద ఒక్కతే తినేది. ఏ డాక్టరో ఎవరూ అడగలేదు.

తూర్పు గుండిగకు వంటమనిషి రాయప్ప. పడమటి గుండిగకు మాణిక్యమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఆమె గరిటె తిప్పుతోంది. ఆమె వండిన పొట్టేలు మాంసం గురించి గంపలగూడెం దాకా చెప్పుకుంటారు. పెళ్ళికి ముహూర్తం పెట్టుకునే ముందు ఆమె తీరిక కనుక్కునే ఇళ్ళున్నాయి. కానీ ఆమె చేతి ముక్క తూర్పు గోడవైపు కూర్చునే ఒక్క నోట్లోకీ పోలేదు.

ఒక్కసారి పోవాల్సింది. 1989లో ఇలాగే విందు రోజున వాన దంచికొట్టింది. పడమటి పొయ్యి మీద రేకులున్నాయి. తూర్పు పొయ్యిలోకి వరదొచ్చి, అన్నం సగం ఉడికి ఆగిపోయింది. మాణిక్యమ్మ గుండిగ దించి, గరిటె ఎత్తి పట్టుకుని, అందరికీ సరిపోద్ది రండి అని పిలిచింది. తూర్పు బంతిలో ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆ బంతిలోంచే సుందరరాజు నవ్వుతూ లేచి, "ఇయ్యాళ్టికి ఉపవాస ప్రార్థన అనుకుందాంలే" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుకుంటూ వానలో తడుస్తూ ఇళ్ళకు పోయారు. మాణిక్యమ్మ కూడా నవ్వింది. అందరూ వెళ్ళాక ఆ పొయ్యి నుంచి ఈ పొయ్యికి నడిచి చూసుకుంది. ఎనిమిది అడుగులు. పస్తుండటానికైనా సిద్ధపడ్డారు గానీ ఎనిమిది అడుగులు వెయ్యలేకపోయారు. ఆ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి మాత్రం ఏటా ఒకసారి గుర్తుచేసేది. నేను పోయేలోపు ఒక్క పూట నా గుండిగ ముందుకు వీళ్ళందర్నీ నడిపించు ప్రభువా అని.

అదండీ, ఆ 'ఒకే వంట' అన్న మాట ఆమెకు ఎలా వినిపించి ఉంటుందో ఇప్పుడు ఊహించుకోండి.

ప్రకటన అయ్యాక తూర్పు గోడ ముందుగా తేరుకుంది. ఒకే వంటయితే రాయప్ప వండుతాడు, అంతేగా, అన్నారు పెద్దలు. పడమటి పెద్దలు కొందరు దానికీ తలూపారు. వాళ్ళు వండితే మనం తింటే మన ముల్లె ఏం పోయింది, రజతోత్సవం పూట రచ్చోత్సవం ఎందుకు అన్నారు. కుర్రవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఆ ఏడు పేపరు తీస్తే ఎస్సీ వర్గీకరణ గొడవలే. పేపర్లో ఉన్న గొడవ గుమ్మం దాటి లోపలికొచ్చింది. ప్రార్థన కూటంలో వినగూడని మాటలు నాలుగు వినపడ్డాయి.

మాణిక్యమ్మ లేచింది. గుళ్ళో ఆమె ఎప్పుడూ పాటకు తప్ప నోరెత్తలేదు.

"ఒకే వంటంటే ఒకళ్ళ వంటనా కండక్టరు గారూ?"

సుందరరాజుకు ఇది బాగానే వినపడింది.

"ఒకే గుండిగ, రెండు చేతులు. ఆయన చెయ్యీ పడాలి, నా చెయ్యీ పడాలి. అట్టా కాదంటే ఎప్పట్లాగే రెండు తవ్వుకుందాం. వంగేది ఒక వైపే అయితే దాన్ని కలవటం అనరు."

అంతా రాయప్ప వంక చూశారు. సన్నగా, పొడుగ్గా, పొయ్యిలో పెట్టే కట్టెలాగే ఉంటాడు. మాటలు కూడా మంటలోకి కట్టెలు వేసినట్టు ఒకటీ అరా వేస్తాడు. కాసేపు గడ్డం గోక్కుని, అన్నం తనే వారుస్తానని, మాంసం మాత్రం ఆవిడే చెయ్యాలని అన్నాడు.

"ఆవిడ ధనియాలు వేయించదు. ఎండబెట్టి దంచుద్ది. ఇరవై రెండేళ్ళ నుంచి గాలికి వాసన వస్తానే ఉంది నాకు."

మాణిక్యమ్మ గబుక్కున కూర్చుంది. ఎనిమిది అడుగులు మనుషులు దాటలేదు గానీ, మసాలా దాటిందన్నమాట.

శనివారం పొద్దున పెరడు మధ్యలో ఒకే గాడి తవ్వారు. లంబాడీ దంపతులు నిలబడి తినే చోటు సరిగ్గా అదే. పాతికేళ్ళ అలవాటు గాడి తప్పడానికి ఒక గాడి తవ్వాల్సొచ్చింది. మామిడి మొద్దులు తూర్పు పేట నుంచి, బియ్యం రెండు పేటల నుంచి, మసాలా మాణిక్యమ్మ రోటి నుంచి వచ్చాయి. గుండిగ మీద 'తూ' ఉండాలా 'ప' ఉండాలా అన్న పేచీ వస్తే, రాయప్ప మాట్లాడకుండా విస్సన్నపేటలో షామియానాల వాళ్ళ దగ్గర ఏ అక్షరమూ లేని పెద్ద గుండిగ ఒకటి అద్దెకు తెచ్చాడు.

మధ్యాహ్నం పాస్టరు గారు షేర్ ఆటో దిగి, బ్యాగు భుజాన వేసుకుని తిన్నగా పెరట్లోకి వచ్చారు. అప్పుడక్కడ మాణిక్యమ్మ ఒక్కతే ఉంది, గాడి అంచులు తట్టి సరిచేస్తోంది.

"రెండోది ఇంకా తవ్వలేదామ్మా?" అన్నారాయన.

మాణిక్యమ్మ చేతిలో పార ఆగిపోయింది.

ఒకే వంటన్నది మీరే గదా అని ఆమె, నేనెప్పుడన్నానని ఆయన. రెండు నిమిషాల్లో ముడి విడిపోయింది. ఫోనులో సుందరరాజు విందు సంగతి అడుగుతుంటే, ఈయన బెజవాడ నుంచి వచ్చే ప్రసంగీకుడి సంగతి ఎత్తారు. "ఒకే గంట చాలు" అన్నారు పాస్టరు గారు. అంతకు మించితే జనం ఓర్చుకోలేరన్నదీ ప్రసంగం గురించే. గంట వెళ్ళి కండక్టరు చెవిలో వంటయింది, ఆయన తిరిగి అరిచిన వంట ఆ గరగర లైనులో మళ్ళీ గంటయింది.

పాస్టరు గారు గాడి గట్టున కూలబడ్డారు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, వచ్చి మూడేళ్ళయింది. ఏ పేట మనిషో కనుక్కుందామని రెండు పేటలూ మూడేళ్ళుగా ఆయన చుట్టాల ఊళ్ళు ఆరా తీసి అలిసిపోయాయి.

"ఆ మాట అనాలనే అనుకున్నానమ్మా, మూడేళ్ళ నుంచి. సంఘం విడిపోద్దేమోనని అనలేకపోయాను" అన్నారు నేల చూస్తూ.

ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామా అన్నారు. దేవుడే ఆ చెవిలో అట్లా వినిపించాడనుకుందామా అన్నారు. మాణిక్యమ్మకు ఆ మాట తియ్యగానే తగిలింది. నోరు మూసుకుంటే చాలు, రేపీపాటికి పన్నెండేళ్ళ ప్రార్థనకు జవాబొస్తుంది. తూర్పు బంతి మొత్తం ఆమె మాంసం తింటుంది. ఆమె పారను గాడి గట్టున గుచ్చింది.

"వద్దయ్యగారూ" అంది. "మీ ఆర్డరుకి భయపడి తింటే నా కూర తిన్నట్టు కాదు, మీ మాట మింగినట్టు. ఆర్డరు మీద నడవటానికి ఇది డిపో కాదు గదా. విస్తళ్ళు వెయ్యకముందే అందరికీ చెప్పించండి. కండక్టరు గారి నోటితోనే."

అందరూ లేచి వెళ్ళిపోతే, అని ఆయన సగంలో ఆగారు.

"పోతే పోయారు. వచ్చినోళ్ళు మటుకు వచ్చినట్టు ఉంటారు."

ఆదివారం గుడి కిటకిటలాడింది. నాలుగొందల మంది. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె చేతులు మారింది. బెజవాడ ప్రసంగీకుడు గంట అని మొదలుపెట్టి గంటన్నర మాట్లాడాడు. పెరట్లో మాణిక్యమ్మ, రాయప్ప గాడికి అటొకరు, ఇటొకరు. అన్నం వార్చి గంపలకెత్తి, అదే గుండిగ మాంసానికి ఇచ్చాక రాయప్ప తన గరిటె కడిగి పక్కనపెట్టి, ఆమె మంట తగ్గించమంటే తగ్గించాడు, ఎగదొయ్యమంటే ఎగదోశాడు. పేరున్న వంటవాడు ఇంకొకరి పొయ్యికి కట్టెలు తొయ్యటం మామూలు సంగతి కాదు. ఆమె అది గమనించింది. ఆమె గమనించిందని ఆయనా గమనించాడు.

బంతులకు చాపలు పరిచారు. అప్పుడు సుందరరాజు తూర్పు చాపల పక్కనున్న మైకు దగ్గరికి వచ్చాడు. పొద్దున పాస్టరు గారు విషయం చెప్పినప్పటి నుంచి ఆయన మొహం చిరిగిన టికెట్టులా ఉంది. తిన్నాక చెబుదాం అని రెండుసార్లు బతిమాలి చూశాడు. కుదరలేదు. ఆయనకు నిజానికి మైకుతో పనిలేదు, కానీ ఆసరాకి పట్టుకున్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫోను సంగతి, గంట సంగతి, వంట సంగతి. ఆర్డరు ఎవరూ వెయ్యలేదని, అయ్యగారి మాటని తన చెవే మార్చిందని, ఎవరి ఇష్టం వాళ్ళదని చెప్పాడు. మొదట ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. అర్థమైంది అందరికీ. ఇప్పుడు తినటానికి ఎవరి వంకా లేదు, తినకపోవటానికీ లేదు.

తూర్పు చాపల మీంచి ఎవరో, ఇంకో గాడి తవ్వితే గంటలో అన్నం అయిపోద్ది గదా అని మెల్లిగా అన్నారు. హనుమాయమ్మ గారు క్యారియరు పిడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. లంబాడీ దంపతులు అలవాటు చొప్పున లేచి నిలబడ్డారు.

మాణిక్యమ్మ గరిటె ముంచింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పెరట్లో వంట చేసినవాళ్ళు ఉప్పు తాము చూసుకోరు. ఇంకొకరి అరచేతిలో పులుసు చుక్క వేసి అడుగుతారు. సరిపోయింది అని ఆ మనిషి అన్నాకే గుండిగ దించుతారు. తూర్పు పొయ్యి దగ్గర పాతికేళ్ళుగా ఆ అరచెయ్యి సుందరరాజుది. పడమటి పొయ్యి దగ్గర ఒక ముసలాయనది. ఒకే పొయ్యి అనుకున్న రోజు నుంచి గాడి గురించి, కట్టెల గురించి, అక్షరాల గురించి అన్నీ మాట్లాడుకున్నారు గానీ, ఉప్పు ఎవరు చూడాలన్న సంగతి మాత్రం నాలుగొందల మందిలో ఒక్కరికీ తట్టలేదు.

మాణిక్యమ్మ పొగలు కక్కే గరిటె పట్టుకుని గాడి పక్కనుంచి తూర్పు బంతి వైపు నడిచింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మిగతా నాలుగూ ఆమె వెయ్యదలుచుకోలేదు.

"ఉప్పు చూడాలి" అంది.

ముసలాయన పడమటి వైపు నుంచి లేవబోయి, ఆమె చూపు ఎటుందో చూసి మళ్ళీ కూర్చున్నాడు.

సుందరరాజు మైకు వదిలేశాడు. ఆ నాలుగడుగులూ వెయ్యటానికి ఆయనకు పట్టినంతసేపు తిరువూరు నుంచి విస్సన్నపేటకు కూడా పట్టదు. వచ్చి, ప్రభువు బల్ల దగ్గర పట్టినట్టే, కుడి చెయ్యి కింద ఎడమ చెయ్యి పెట్టి అరచెయ్యి చాపాడు.

"చిల్లర పుచ్చుకునీ పుచ్చుకునీ మొద్దుబారిన చెయ్యి, చెల్లెమ్మా. వెయ్యి. కాలదులే."

గుళ్ళో మైకులో అందరూ సిస్టర్లే. మైకు కట్టేశాక ఆమె ఎప్పుడూ వట్టి మాణిక్యమ్మే. ఇప్పుడు మైకు నాలుగడుగుల వెనక ఉంది.

ఆమె మూడు చుక్కలు వేసింది. ఆయన నాకాడు. కళ్ళు మూసుకున్నాడు. ఉప్పు చూడటానికి కళ్ళు మూసుకోవక్కర్లేదు, అందరికీ తెలుసు. తెరిచేసరికి రెప్పలు తడిగా ఉన్నాయి. మసాలా ఘాటు అనుకుందాం.

"ఎనభై తొమ్మిదిలోనే రావాల్సిందమ్మా నేను" అన్నాడు మెల్లిగా. ఆయన జీవితంలో మెల్లిగా అన్న మాట అదొక్కటే కావచ్చు. ఆ వెంటనే తన సొంత గొంతుకి వచ్చేశాడు. "ఉప్పు ఒప్పింది. రైట్!"

రాయప్ప గుండిగ చెవి ఒకటి పట్టుకున్నాడు. రెండో వైపు పట్టుకోవటానికి తూర్పు బంతిలోంచి ఇద్దరు, పడమటి బంతిలోంచి ఇద్దరు లేచారు. వాళ్ళతో కలిపి మనుషులు ఎక్కువై, గుండిగకు చెవులు చాలలేదు. మాట పడగొట్టింది చెవులే, గుండిగ నిలబెట్టిందీ చెవులే.

అందరూ రాలేదు. తూర్పు నుంచి మూడిళ్ళ వాళ్ళు పనుందని చెప్పి వెళ్ళిపోయారు. మాణిక్యమ్మ వాళ్ళను చూసింది, పిలవలేదు. మిగతావాళ్ళు చాపలు కలిపేసుకున్నారు. లంబాడీ దంపతులను చెరో వైపు నుంచీ లాగి కూర్చోబెట్టారు. హనుమాయమ్మ గారు విస్తరి ముందు కూర్చుని, క్యారియరు మూత తియ్యకుండానే వీపు వెనక్కి జరిపేసింది. రెండోసారి వడ్డించటానికి మాణిక్యమ్మ వచ్చినప్పుడు, డాక్టరు మార్చానమ్మా అంది. ఏ డాక్టరో ఇప్పుడూ ఎవరూ అడగలేదు.

మాణిక్యమ్మ గరిటె పట్టుకుని బంతి పొడుగునా నడిచింది. ఎన్ని అడుగులో లెక్కపెట్టలేదు. గుండిగ అడుగు కనపడ్డాక మాత్రం తలెత్తి పెరడంతా ఒకసారి చూసుకుంది. నాలుగొందల విస్తళ్ళకు మూడిళ్ళు తక్కువ, అన్నిట్లోనూ ఆమె ఎండబెట్టి దంచిన ధనియాల వాసనే. రాయప్ప కట్టెలు ఆర్పుతూ, వచ్చే ఏడు ఇంకో పొట్టేలు కలపాలన్నాడు. అలాగే అంది ఆమె, ముందే మాట్లాడుకున్న సంగతిలాగా.

బంతి చివర రాయప్ప తల్లి కూర్చుని ఉంది. ఎనభై దాటాయి, చెవిలో నోరుపెట్టి అరిస్తే తప్ప వినపడదు. మైకులో కండక్టరు చెప్పిందేదీ ఆమెకు చేరలేదు. రెండుసార్లు వడ్డించుకుని తిని, వేళ్ళు నాకి, అప్పుడు చుట్టూ చూసింది.

"ఇంతకీ రెండో పొయ్యి ఏదే?" అంది.

బంతి బంతంతా గొల్లున నవ్వింది. తూర్పువాళ్ళూ పడమటివాళ్ళూ ఒకేసారి గంట, వంట, ఫోను, చెవి అంటూ అరవటం మొదలెట్టారు. ముసలామెకు ఒక్క ముక్క అందలేదు. మాణిక్యమ్మ గరిటె పక్కనపెట్టి, ఆమె పక్కన చాప మీద చతికిలపడి, చెవి దగ్గర నోరుపెట్టి మొదటినుంచీ చెప్పుకొచ్చింది. అయ్యగారు ప్రసంగం గంట చాలన్నారని, అది కండక్టరుకి వంటని వినపడిందని, అందుకే ఒకే పొయ్యి పెట్టామని, అది పొరపాటని తెలిశాక కూడా అందరూ తింటున్నారని.

ముసలామె శ్రద్ధగా విని తలూపింది.

"గంటే! గంటన్నర మాట్లాడాడు మాయదారి సచ్చినోడు" అంది. "నువ్వు ఇంకో ముక్క వెయ్యి."